మట్టి కింద సెప్టిక్ ట్యాంక్ ఎక్కడుందో డ్రోన్‌తో కనిపెట్టడం

పాత ఇల్లు కొన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే టెన్షన్ ఇది. ట్యాంక్ ఖాళీ చేయించాలి, కానీ అదెక్కడుందో ఎవరికీ తెలియదు, ప్లాన్ కాగితాలు లేవు, పెరడంతా గడ్డి పెరిగి ఒకేలా ఉంది. దొరికేదాకా తవ్వుకుంటూ పోయే కంటే థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్‌తో ఒకసారి చూడడం మేలు.

అయితే థర్మల్ కెమెరా భూమి లోపలికి చూడదు, ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. దానికి కనిపించేది నేల పైపొర వేడి మాత్రమే. ఇంట్లోంచి వచ్చే వెచ్చటి నీళ్ల వల్ల, లోపలి సూక్ష్మజీవుల వల్ల ట్యాంక్ చుట్టూ ఉన్న మట్టి కాస్త వేడెక్కుతుంది, ఆ వేడి పైదాకా వస్తేనే స్క్రీన్ మీద మచ్చ తేలుతుంది. పైన అడుగు మట్టే ఉంటే పని సులువు, నాలుగైదు అడుగులుంటే ఏమీ కనపడకపోవచ్చు. అందుకే ఎలా ఎగరేశామన్న దానికంటే ఎప్పుడు ఎగరేశామన్నదే ముఖ్యం.

పగటి ఎండలో వద్దు, నేలంతా కాలి ట్యాంక్ వేడి అందులో కలిసిపోతుంది. తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రోజు చూసుకోండి. చలికాలమైతే ఇంకా మంచిది. వాన పడితే నేల ఆరేదాకా ఆగండి. ఎగరేయడానికి ముందు ఇంట్లో వేడినీళ్లు బాగా వదలండి, షవర్, సింక్, వాషింగ్ మెషిన్ అన్నీ, పైపు లోతుగా లేకపోతే దాని దారి కూడా తేలే అవకాశం ఉంటుంది. ట్యాంక్ నిండి నీళ్లు వెనక్కి వస్తున్న ఇంట్లో మాత్రం ఈ పని చేయకండి.

టాయిలెట్ పైపు ఏ గోడ నుంచి బయటికొస్తోందో ముందు నడిచి చూడండి, వెతకడం అటువైపే మొదలుపెట్టండి. డ్రోన్ 20 నుంచి 30 మీటర్ల ఎత్తులో, కెమెరా నిటారుగా కిందికి ఉండాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది: ఫ్రేమ్‌లోకి ఇంటి కప్పు వస్తే కెమెరా రంగులన్నీ ఆ కప్పుకు తగ్గట్టు సర్దేసుకుంటుంది, నేల మీది చిన్న తేడాలు మాయమవుతాయి. కప్పును తప్పించండి, లేదా ఉష్ణోగ్రత పరిధిని మూడు నాలుగు డిగ్రీలకు మీరే బిగించండి.

అంచులు సూటిగా ఉన్న దీర్ఘచతురస్రమో గుండ్రటి మచ్చో కనిపిస్తే అది ట్యాంక్ కావచ్చు, పక్కపక్కన సమాంతర చారలుంటే మురుగునీరు ఇంకే పైపులు కావచ్చు. చెట్టు నీడ పడిన చోటు, కారు ఆపిన చోటు కూడా ఇలాగే మోసం చేస్తాయి. అందుకని సూర్యాస్తమయమయ్యాక రెండు మూడు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున మరోసారి ఎగరేయండి, రెండిట్లోనూ ఒకే చోట ఉన్నదాన్నే నమ్మండి. రాత్రి పూట ఎగరేయడానికి మీ దగ్గరి నిబంధనలు చూసుకోండి, పక్కింటివాళ్లకూ ఒక మాట చెప్పండి.

థర్మల్ కెమెరా లేకపోయినా మామూలు డ్రోన్ కొంత పనికొస్తుంది. నేల ఎండిన రోజుల్లో ఇంకే పైపుల మీద గడ్డి పచ్చగా ఉంటుంది, ట్యాంక్ మూత మీద మట్టి పలచన కాబట్టి అక్కడ ముందుగా పసుపెక్కుతుంది.

చోటు గుర్తించడానికి డ్రోన్ జీపీఎస్‌ను నమ్ముకోవద్దు, కొన్ని మీటర్ల తేడా మామూలే. ఎగరేసే ముందే పెరట్లో నాలుగు చోట్ల అల్యూమినియం ఫాయిల్ ముక్కలు పరిచి రాళ్లు పెట్టండి, తేటగా ఉన్న ఆకాశం కింద అవి చల్లటి చుక్కల్లా స్పష్టంగా కనిపిస్తాయి, వాటి నుంచి టేపుతో కొలుచుకోవచ్చు.

తర్వాత కరెంటు, గ్యాస్ లైన్లు లేవని తేల్చుకుని, సన్నటి ఇనుప కడ్డీని మెల్లగా దింపండి. సుత్తితో కొట్టకండి, ప్లాస్టిక్ ట్యాంకైతే చిల్లు పడుతుంది. దయచేసి ఆ మచ్చ మధ్యలో నిలబడకండి, పక్కన ఉండే గుచ్చండి, పాత మూతలు మనిషి బరువుకే కూలిపోతాయి. మూత దొరికినా లోపలికి తల వంచొద్దు, ట్యాంక్‌లోకి దిగొద్దు. అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. దొరికిన చోటును ఇంటి రెండు మూలల నుంచి కొలిచి, ఆ అంకెలు ఇంటి పత్రాలతో పాటు దాచిపెట్టండి.