కార్తీక వానల్లో సాయంత్రం మెట్లెక్కేవారికి

పని ముగించుకుని బయటికి రాగానే కొండమీద గాలిగోపురం దీపాలు కనిపిస్తాయి. తిరుపతిలో ఉద్యోగం చేసేవాళ్లకు అంతకంటే పెద్ద పిలుపు లేదు. రోజంతా కుర్చీలో బిగుసుకున్న నడుము, తిరుమలకు మెట్లదారి మొదలయ్యే అలిపిరిలో నూరు మెట్లు ఎక్కేసరికి సడలుతుంది. ఐదు వందలు దాటాక ఆఫీసు మాటే గుర్తుండదు. ఆ సుఖం తెలిసినవాళ్లను వానలని ఇంట్లో కూర్చోమని నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతాను: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మెట్లు లెక్కపెట్టడం మానేసి గడియారం చూసుకోండి.

జూన్‌లో ఆరున్నర దాటితే గాని పొద్దు కుంకదు. నవంబరు మధ్యకు వచ్చేసరికి ఐదు ముప్పావుకే కుంకుతుంది. ఐదింటికి పని వదిలి అలిపిరి చేరేవాళ్లకు అరగంట వెలుతురు కూడా మిగలదు. మొత్తం 3,550 మెట్లలో గాలిగోపురం దాకా ఉన్న మొదటి భాగమే బాగా నిటారు. వేసవి అలవాటు కొద్దీ అక్కడిదాకా వెళితే, అలసిన కాళ్లతో దిగాల్సినదంతా చీకట్లోనే. ఎక్కడానికి ఇరవై ఐదు నిమిషాలు పెట్టుకోండి. అవి కాగానే ఏ మెట్టు మీదున్నా వెనక్కి తిరగండి, గోపురం ఇంకో యాభై మెట్లే ఉన్నా సరే. ఉరుము వినబడితే ఆ ఇరవై ఐదు నిమిషాలు అయ్యేదాకా చూడకుండా వెంటనే తిరగండి. దారిలో దీపాలున్నా చిన్న టార్చి జేబులో ఉండాలి. ఫోను వెలుగును నమ్ముకుంటే ఒక చేయి దానికే పోతుంది.

జారిపడడం ఎక్కువగా దిగేటప్పుడే. మెట్ల పూజ చేసేవాళ్లు ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడతారు, కర్పూరం వెలిగిస్తారు. పైకప్పు ఉన్నా గాలికి జల్లు లోపలికి కొడుతుంది. తడిసిన ఆ పసుపు మీద ఉత్త పాదం ఇట్టే జారుతుంది. మెట్టు మధ్యలో పూజ జరిగిన చోట అడుగు వేయకుండా పక్కగా, కమ్మీ చేతికందేలా దిగండి. భక్తితో చెప్పులు విడిచి ఎక్కేవాళ్లు అడుగును నిండుగా ఆనించి, నిదానంగా దించాలి. పరుగెత్తి దిగడం ఈ కాలంలో ఎవరికీ తగదు.

కొండకు ఉన్న రెండో నడకదారి శ్రీవారి మెట్టు దూరం తక్కువే, 2.1 కిలోమీటర్లు. కానీ సాయంత్రం ఆరింటికే మూసేస్తారు కాబట్టి పని తర్వాత పెట్టుకోకండి. 2021 నవంబరు వానలకు ఆ దారి దెబ్బతిని, మరుసటి ఏడాది మే వరకు తెరుచుకోలేదు.

చిరుతల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో ప్రాణం కోల్పోయింది. ఆ తర్వాతే తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) నడిచేవాళ్లకు చేతికర్రలిచ్చింది, గుంపులుగా వెళ్లమంది, మధ్యాహ్నం తర్వాత చిన్నపిల్లలను రానివ్వకుండా కట్టడి చేసింది. ఆ పూట ఏ నియమం అమల్లో ఉందో అలిపిరి దగ్గరే అడిగి కదలండి. ఒంటరిగా వెళ్లకండి, చెవుల్లో పాటలు పెట్టుకోకండి. గాలిగోపురం దాటాక అడవి దగ్గరవుతుంది, సాయంత్రం అటు అసలు వద్దు. తినేవి చేతిలో పట్టుకోకండి, కోతులు మీదికి వస్తాయి. ఎప్పుడైనా పొద్దున్నే బయలుదేరి కొండపైదాకా వెళ్లినవాళ్లు దిగడానికి బస్సు ఎక్కడం మంచిది.

మధ్యాహ్నం భోజనం తర్వాత ఏమీ తినకుండా మెట్లు మొదలుపెట్టకండి. అరటిపండు చాలు, అదీ అరగంట ముందు. మధుమేహానికి మందులు వాడేవాళ్లు జేబులో బెల్లం ముక్కో చక్కెరో ఉంచుకోవాలి. కొండమీద ప్లాస్టిక్ సీసాలు నిషిద్ధం, నీళ్లకు స్టీలు సీసా తెచ్చుకోండి. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం తగ్గించండి. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చెమటతో కళ్లు తిరగడం లాంటివి కనిపిస్తే ఇంకొక మెట్టు కూడా ఎక్కకుండా కూర్చుని, భద్రతా సిబ్బందిని పిలిపించండి. మర్నాడు ఇంట్లో మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే రెండు సాయంత్రాలు ఆపి, చదును నేల మీద నడవండి.