వీలునామా రాశాక ఆస్తి మారితే ఏం చేయాలి

వీలునామా రాయించి రిజిస్ట్రేషన్ కూడా చేయించేశాం, ఇంక పనైపోయింది అనుకుంటారు చాలామంది. కానీ కాగితంలో ఉన్న ఆస్తి అలాగే ఉంటుంది, బయట ఉన్న ఆస్తి మాత్రం అమ్ముతాం, కొంటాం, బిల్డర్‌కి ఇస్తాం, మారిపోతూనే ఉంటుంది కదా. అందుకే ఏడాదికోసారి అని కాదు, రిజిస్ట్రార్ ఆఫీసులో ఏదైనా పని పడిన ప్రతిసారీ, ఇంట్లో పెళ్ళో చావో విడాకులో జరిగినప్పుడూ వీలునామా తీసి చూడండి.

ముందు ఆస్తి షెడ్యూల్ చదవండి, పక్కన ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్), పట్టాదారు పాస్‌బుక్ పెట్టుకుని. పెద్దోడికి ప్లాటు, చిన్నోడికి ఇల్లు, అమ్మాయికి డిపాజిట్లు అని రాశారనుకోండి, తర్వాత ఏదో అవసరమొచ్చి ప్లాటు అమ్మేశారు. ఇక అంతే, ప్లాటు బదులు ఆ డబ్బులు పెద్దోడికి ఇవ్వాలని ఏం లేదు, వాడి వాటా పోయినట్టే, మిగతా వీలునామా మాత్రం శుభ్రంగా చెల్లుతుంది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేది ఇలాంటి చోటే.

ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చినవాళ్ళు ఇంకా జాగ్రత్త. కాగితంలో డాబా ఇల్లు, గజాలు, నాలుగు హద్దులు ఉంటాయి, అక్కడికెళ్ళి చూస్తే అయిదంతస్తుల అపార్ట్‌మెంటు, అందులో మీ వాటాకి మూడు ఫ్లాట్లు, మరి ఎవరికి ఏది? ఫ్లాట్ నంబరు, అన్‌డివైడెడ్ షేరు (స్థలంలో ఆ ఫ్లాటుకి వచ్చే విడదీయని వాటా)తో సహా మళ్ళీ రాయాల్సిందే. ఆంధ్రాలో రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పొలం ఉంటే పాతదీ కొత్తదీ రెండూ వేయించండి, విస్తీర్ణం కూడా సరిచూసుకోండి.

మార్చేటప్పుడు దయచేసి పెన్నుతో కొట్టేసి పైన రాయకండి. ఆ దిద్దుబాటు దగ్గర మీరూ ఇద్దరు సాక్షులూ మళ్ళీ సంతకాలు పెడితే తప్ప అది చెల్లదు. చిన్న మార్పుకి కోడిసిల్, అంటే వీలునామాకి అనుబంధ కాగితం, రాయొచ్చు, దానికీ ఇద్దరు సాక్షులు కావాలి, నన్నడిగితే మాత్రం ఆ తలనొప్పి వద్దు, రెండు కాగితాలుంటే అవసరానికి ఒకటే దొరుకుతుంది. కొత్త వీలునామానే రాసేయండి, స్టాంపు పేపర్ కూడా అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఫలానా తేదీన ఫలానా నంబరుతో రిజిస్టర్ అయిన పాతది రద్దు చేస్తున్నాను అని మొదట్లోనే రాయండి. రిజిస్టర్ కాకపోయినా చివర రాసిందే చెల్లుతుంది, కానీ పాతది రిజిస్టర్ అయ్యుంటే కొత్తదీ చేయించడం మంచిది, లేకపోతే నష్టపోయినవాళ్ళు అది దొంగ కాగితమని కోర్టుకెక్కుతారు.

‘ఇవి కాక నా పేరున ఉన్నవి, ఇకమీదట వచ్చేవి అన్నీ ఫలానావాళ్ళకి’ అని ఒక లైను తప్పకుండా ఉండాలి. అది లేకపోతే తర్వాత కొన్నవి వారసత్వ చట్టం ప్రకారం పోతాయి, హిందూ మగవాళ్ళ విషయంలో భార్య, పిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది, తండ్రికి ఆ వరసలో ఉండదు, ఇది చాలామందికి తెలీదు.

సాక్షుల సంగతి కూడా చూడండి. వీలునామా నిరూపించాలంటే బతికున్న సాక్షి ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి, మీకంటే పెద్దవాళ్ళతో సంతకం పెట్టించుంటే ఇప్పుడే మార్చి రాయండి, ఈసారి వయసులో చిన్నవాళ్ళని, వాటా లేనివాళ్ళని పిలవండి. క్రైస్తవులైతే వీలునామా రాశాక పెళ్ళి చేసుకుంటే పాతది దానంతటదే రద్దయిపోతుంది, హిందువులకి అలా కాదు.

చివరగా నామినీలు. బ్యాంకు డబ్బుకి, షేర్లకి నామినీ అంటే తీసుకునే మనిషే గానీ ఓనర్ కాదు, షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇన్సూరెన్స్‌లో మాత్రం భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే 2015 నుంచి డబ్బు వాళ్ళదే. 2025 నవంబర్ నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురిని పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు, కాబట్టి వీలునామాలో ఉన్న పేర్లే అక్కడా ఉండేలా చూసుకోండి. పెళ్ళికి ముందు ఇచ్చిన ఈపీఎఫ్ నామినేషన్ అలాగే వదిలేసినవాళ్ళు ముందు అది మార్చండి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.