సుఖవ్యాధుల రోగికి నర్సు చేయవలసిన సేవ, చెప్పవలసిన మాట

సుఖవ్యాధితో వచ్చిన మనిషి ఆ పేరు పెట్టి చెప్పడు. “ఒంటికి వేడి చేసింది సిస్టర్, ఏదైనా మందు ఇవ్వండి” అంటాడు. ఆడవారైతే నడుము లాగుతోందని, నీరసంగా ఉందని మొదలుపెట్టి, పక్కన కూర్చున్న అత్తగారు లేచి వెళ్లాక గానీ తెల్లబట్ట సంగతి బయటపెట్టరు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగువారికి దీనిమీద ఇంకొక చిక్కు ఉంది. ఇంట్లో మాట తెలుగు, ఆసుపత్రిలో మాట ఒడియా, చీటీ మీద రాత ఇంగ్లీషు. బజారులో కూరగాయలు బేరమాడేంత ఒడియా అందరికీ వస్తుంది గానీ, మర్మాంగాల మీద పుండు గురించి చెప్పుకొనేంత ఒడియా చాలామందికి రాదు. అందుచేత తెలుగు తెలిసిన నర్సు గానీ, ఎ.ఎన్.ఎం. గానీ ఆ కేంద్రంలో ఉంటే రోగి చూపు ఆమె మీదే నిలుస్తుంది. మందు రాసేది డాక్టరే అయినా, ఆ మందు చివరి మాత్ర దాకా కడుపులో పడటం, జీవిత భాగస్వామి కూడా వేసుకోవడం, జబ్బు తిరగబెట్టకుండా చూసుకోవడం, ఇవన్నీ ఆమె చెప్పే మాట మీద ఆధారపడి ఉంటాయి.

మొదట చోటు చూసుకోవాలి. విడి గది లేకపోతే ఇంజెక్షన్ గదిలో తెర వేసినా చాలు, కానీ తెర అవతల బల్ల మీద కూర్చున్నవారికి మాట వినిపించకూడదు. తోడు వచ్చినవారిని మర్యాదగా బయట కూర్చోబెట్టాలి. రోగికి భాష చాలనప్పుడు మరిదినో, ఇంట్లో చదువుకుంటున్న పిల్లనో అనువాదానికి నిలబెట్టడం తేలికగా కనిపిస్తుంది గానీ, అలా చేస్తే అసలు విషయం ఎన్నటికీ బయటపడదు. తెలుగు వచ్చిన సిబ్బందినే పిలవాలి; ఆ సిబ్బంది రోగి ఊరివారే అయితే, “ఇక్కడ అన్నమాట ఈ గడప దాటదు” అని ముందుగా, స్పష్టంగా హామీ ఇవ్వాలి. చిన్న ఊళ్లలో మనుషులు జబ్బుకు భయపడేదానికన్నా నలుగురికీ తెలుస్తుందనే ఎక్కువ భయపడతారు. రిజిస్టరును బల్ల మీద తెరిచి వదిలివేయడం, రోగి పేరుతో పాటు జబ్బు పేరును వరండాలోకి పిలవడం వంటి అలవాట్లు ఉంటే ఈ రోజే మానుకోవాలి.

అడగవలసిన ప్రశ్నలు తక్కువే, కానీ వరుస ముఖ్యం. మూత్రం పోసేటప్పుడు మంట, చీము, పుండు, గజ్జల్లో బిళ్ల, పొత్తికడుపు నొప్పి, ఇవి ఎప్పుడు మొదలయ్యాయో ముందుగా అడగాలి. తరువాత ఇంతవరకు ఏం వాడారో అడగాలి, ఎందుకంటే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలో, ఊళ్లో ఆర్.ఎం.పి. వేసిన సూదులో అప్పటికే లోపలికి వెళ్లి ఉంటాయి. బస్టాండు దగ్గరి లాడ్జిల్లో దిగి గోడలకు కాగితాలు అంటించుకొనే గుప్తరోగ వైద్యులకు వేలు పోసి వచ్చినవారూ ఉంటారు; వారిని చీవాట్లు పెట్టడం వల్ల వచ్చే లాభం లేదు. ఆఖరున, నమ్మకం కుదిరాక, “గత మూడు నెలల్లో ఎవరెవరితో కలిశారు?” అని మామూలు గొంతుతో అడగాలి. “నీకు తప్పుడు అలవాట్లేమైనా ఉన్నాయా?” అని అడిగితే లేవనే జవాబే వస్తుంది. స్త్రీలను నెలసరి ఎప్పుడు వచ్చిందో, గర్భం ఉందో లేదో, అందరినీ పెన్సిలిన్ గానీ మరే మందు గానీ ఎప్పుడైనా పడకపోయిందేమో తప్పక అడిగి రాసుకోవాలి.

పరీక్షకు ముందు ఏం చూడబోతున్నామో చెప్పి, ఒప్పుకున్నాకే చూడాలి. పరీక్షించేది పురుషుడైతే స్త్రీ రోగి పక్కన ఒక స్త్రీ సిబ్బంది ఉండి తీరాలి. చేతులు కడుక్కొని, గ్లవ్స్ వేసుకొని, మర్మాంగాలతో పాటు గజ్జలు, నోరు, అరచేతులు, అరికాళ్లు కూడా వెలుతురులో చూడాలి. సిఫిలిస్ తొలి పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, సగటున మూడు వారాలకు కనిపిస్తుంది, మందు లేకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది. రోగి పీడ వదిలిందనుకుంటాడు. జబ్బు మాత్రం రక్తంలో ఉండిపోయి, కొన్నాళ్లకు అరచేతుల మీద, అరికాళ్ల మీద దద్దురుగా పైకి వస్తుంది. మగవారిలో గనేరియా ఇలా దాగదు. చాలావరకు వారం తిరగకముందే చీముతో, మంటతో బయటపడుతుంది. ఆడవారిలో అదే జబ్బు ఏ లక్షణమూ లేకుండా గర్భసంచి దాకా పాకి, సంతానం కలగకపోవడానికి కారణం కావచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తెల్లబట్ట అయ్యే ప్రతి స్త్రీకీ సుఖవ్యాధి ఉన్నట్టు కాదు. వాసన, దురద లేకుండా నెలలో కొన్ని రోజులు కనిపించే తేమ సహజమైనది. పెరుగు విరిగినట్టు తెల్లగా, విపరీతమైన దురదతో అయ్యేది ఎక్కువగా కాండిడా అనే బూజువల్ల వచ్చేది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, గర్భిణుల్లో, యాంటీబయోటిక్స్ వాడినవారిలో అది భర్త ప్రమేయం లేకుండానే వస్తుంది. నురుగుతో, పచ్చగా, దుర్వాసనతో అయ్యే ట్రైకోమోనాస్ మాత్రం కలయిక ద్వారా అంటేదే. ఈ తేడా తెలియకుండా “ఇది నీ భర్త నుంచి వచ్చింది” అని నర్సు నోరు జారితే ఆ సంసారంలో రేగే మంటను ఏ మందూ ఆర్పలేదు. అదే విధంగా “ధాతువు పోతోంది” అని దిగులుపడే కుర్రవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ ఉండదు. వారికి కావలసింది ఓపికగా నాలుగు ముక్కలు చెప్పి పంపేవారు.

మందుల కిట్లు, వాటి వెంట చెప్పవలసినవి

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లక్షణాలను బట్టి వైద్యం చేసే పద్ధతిలో ఏడు రంగుల కిట్లను ఏర్పరచింది. చీముకు బూడిద రంగు కిట్టు, అంటే అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, రెండూ ఒకే మోతాదుగా. యోని స్రావానికి ఆకుపచ్చ కిట్టు, అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాములు. హెర్పిస్ కాని పుండుకు తెల్ల కిట్టు, పెన్సిలిన్ పడనివారికి దాని బదులు నీలం కిట్టు; నీటి పొక్కులుగా వచ్చే హెర్పిస్ పుండుకు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో గడ్డకు నలుపు. ఒకే మోతాదు మందును ఇంటికి కట్టి ఇవ్వకుండా మన ఎదుటే మింగించాలి. ఏ కిట్టు ఇవ్వాలన్నది డాక్టరు నిర్ణయమే. ముఖ్యంగా గర్భిణులకు డాక్సీసైక్లిన్ ఉన్న కిట్టు గానీ, ఫ్లుకొనజోల్ గానీ చేతికి వెళ్లకుండా చూడటం నర్సు బాధ్యత.

సెక్నిడజోల్, మెట్రోనిడజోల్ వేసుకున్నవారు సారా ముట్టకూడదు. వాంతులు, గుండెదడ రావచ్చు. రాయగడ, కోరాపుట్ కొండల్లో ఇప్ప సారాను, జీలుగు కల్లును చాలామంది మత్తు పదార్థం కింద లెక్కవేయరు కాబట్టి “మందు తాగవద్దు” అంటే సరిపోదు, వాటి పేర్లు పెట్టి, ఎన్ని రోజులు మానాలో కూడా చెప్పాలి. డాక్సీసైక్లిన్‌ను అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకొని అరగంట దాకా పడుకోకూడదు. గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది. పాలతో, రక్తం పట్టే ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే అది ఒంటికి పట్టదు, రెండింటికీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉండాలి. చురుకైన ఎండలో పనిచేసేవారికి చర్మం కమిలే అవకాశముందని హెచ్చరించాలి.

తెల్ల కిట్టులోని బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ దగ్గర తొందర పనికిరాదు. పొడిలో నీళ్లు కలిపి సీసాను బాగా ఆడించినా అది చిక్కని పాలలాగే ఉంటుంది, సన్నటి సూదిలో ఇరుక్కుంటుంది. అందుకే కిట్టులో 21 గేజ్ సూది ఇస్తారు. మొత్తం 24 లక్షల యూనిట్లను రెండు పిరుదులకూ సగం సగం పంచి, కండలో లోతుగా, వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకొని, నెమ్మదిగా ఇవ్వాలి. వేగంగా తోస్తే నొప్పి ఎక్కువ, సూది మూసుకుపోయే ప్రమాదమూ ఎక్కువే. రక్తనాళంలోకి ఈ మందు ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లకూడదు. మందు పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ తెరిచిన ట్రేలో సిద్ధంగా ఉంచుకొని, రోగిని కనీసం అరగంట కేంద్రంలోనే కూర్చోబెట్టాలి. ఆ రాత్రి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే అది మందు పడకపోవడం కాదని, క్రిములు చస్తున్నప్పుడు ఒక్క రోజు అలా ఉంటుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే “సూది వికటించింది” అన్న మాట ఊరంతా పాకి, పక్కింటివారు కూడా ఆ సూది వేయించుకోరు.

రెండు సందర్భాల్లో కిట్టు చేతికిచ్చి పంపడం పెద్ద ప్రమాదం తెస్తుంది. కుర్రవాడికి ఉన్నట్టుండి ఒకవైపు వృషణం భరించలేనంత నొప్పి పుడితే అది మెలిపడి ఉండవచ్చు, ఆరు గంటల లోపల శస్త్రచికిత్స జరగాలి. నెలసరి తప్పిన స్త్రీకి పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం నాళంలో నిలిచి ఉండవచ్చు. ఆమెకు గర్భ నిర్ధారణ మూత్ర పరీక్ష చేసి, దగ్గరను బట్టి బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలకో, కోరాపుట్ వైద్య కళాశాలకో వెంటనే పంపాలి.

ఊళ్లో లేని భర్త

భార్యకు ఒక్కదానికే వైద్యం చేసి పంపితే భర్త వచ్చిన వారానికే ఆమె మళ్లీ మన ముందు ఉంటుంది. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు, మిగతా జిల్లాల నుంచి హైదరాబాదు, చెన్నై పనులకు వెళ్లిన మగవారు దసరాకో, రథయాత్రకో, బరంపురం ఠాకురాణి జాతరకో ఇంటికి వస్తారు. అందుచేత భాగస్వామికి ఇచ్చే చీటీ రాసి ఆమె చేతిలో పెట్టి ఊరుకోకుండా, అతడు ఎప్పుడు వస్తాడో అడిగి రిజిస్టరులో నెల రాసుకోవాలి. రాలేనివాడు తానున్న ఊళ్లోనే ప్రభుత్వ ఆసుపత్రిలో సుఖవ్యాధులకు వైద్యం చేసే సురక్ష క్లినిక్‌కు ఆ చీటీ చూపవచ్చు. చీటీని ఫోన్‌లో ఫోటో తీసి పంపినా పని జరుగుతుంది. దగ్గరలో ఏ కేంద్రం ఉందో జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. ఇద్దరి వైద్యమూ ముగిసి ఏడు రోజులు గడిచేదాకా కలయిక కూడదు. తప్పనిసరైతే నిరోధ్ వాడాలి.

అయితే చీటీ ఇచ్చే ముందు “అమ్మా, ఈ సంగతి ఇంట్లో చెబితే నీకేమైనా ఇబ్బంది అవుతుందా?” అని అడగాలి. కొడతాడని, పుట్టింటికి తోలేస్తాడని ఆమె భయపడితే చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు. “గర్భసంచికి చీము పట్టింది, ఇద్దరూ వాడితేనే నయమవుతుంది” అని ఆమె చెప్పుకోగల మాటను కూర్చి ఇవ్వవచ్చు. అది అబద్ధం కాకుండా చూసుకుంటే చాలు.

నిరోధ్ గురించి చెప్పడమొక్కటే కాక చెక్క నమూనా మీద చేసి చూపాలి. గడువు తేదీ చూడటం, పంటితో చింపకపోవడం, కొన నొక్కి గాలి తీసి తొడగడం, అంచు పట్టుకొని బయటికి తీయడం, ముడి వేసి పారవేయడం, ఇవి రోగి చేత ఒకసారి చేయిస్తేనే గుర్తుంటాయి. కొబ్బరి నూనె రాస్తే రబ్బరు చిరుగుతుందని మరవకుండా చెప్పాలి, మన ఇళ్లలో అన్నిటికీ అదే వాడతారు. లోపల డెట్టాలుతో కడగడం పుండును ఎక్కువ చేస్తుందే తప్ప తగ్గించదు.

సుఖవ్యాధి ఉన్న ప్రతివారికీ హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేయించుకోమని చెప్పాలి. హెచ్.ఐ.వి. పరీక్షకు రోగి ఒప్పుకోవాలి, ఫలితం గోప్యంగా ఉండాలి. 2017 నాటి చట్టం ఈ రెండింటినీ తప్పనిసరి చేసింది. మొదటి పరీక్షలో లేదని వచ్చినా మూడు నెలలకు మళ్లీ చూడాలి. రోగికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే వైద్యం ఆపకుండానే మెడికల్ ఆఫీసరుకు చెప్పాలి, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పదు. బలాత్కారం జరిగిందని తెలిస్తే హెచ్.ఐ.వి. నివారణ మందులు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు.

గర్భిణికి సిఫిలిస్ ఉంటే పెన్సిలిన్ ఒక్కటే మందు. కాన్పుకు కనీసం 30 రోజుల ముందైనా మొదలైతేనే బిడ్డకు సరైన వైద్యం అందినట్టు. పెన్సిలిన్ పడని గర్భిణిని వేరే మాత్రలతో సరిపెట్టక పెద్దాసుపత్రికి పంపాలి. తొలి కాన్పుకు చాలామంది పార్వతీపురం వైపో, శ్రీకాకుళం వైపో పుట్టింటికి వెళ్తారు, ఇక్కడి రిజిస్టరు అక్కడికి వెళ్లదు. కాబట్టి ఏ తేదీన ఎన్ని యూనిట్లు ఇచ్చామో, సిఫిలిస్ రక్తపరీక్ష అయిన ఆర్.పి.ఆర్.లో ఎంత వచ్చిందో తల్లీబిడ్డల కార్డు మీద అంకెలతో రాయాలి. తరువాతి పరీక్షలో 1:32 కాస్తా 1:8కి దిగితే మందు పనిచేసినట్టు, దిగకపోతే మళ్లీ డాక్టరు చూడాలి. అవతలి ఆసుపత్రి నర్సుకు ఈ పోలిక దొరికేది మనం రాసిన ఆ మొదటి అంకె వల్లనే.