మచ్చిక కాని పిల్లి, ఇంటి పిల్లి – 3వ పాఠం: మూసిన తలుపు నుంచి జాలీ దాకా

మొదటి పాఠంలో వీధి నుంచి తెచ్చిన పిల్లికి విడి గది సిద్ధం చేశాం. రెండో పాఠంలో ఆస్పత్రి పనులు చూశాం. ఈ పాఠంలో రెండు పిల్లులూ ముందు వాసనతో, తర్వాత చప్పుళ్లతో, చివరికి జాలీ (తలుపు చట్రానికి బిగించే తీగ వల) వెనక నుంచి చూపుతో ఒకదాన్నొకటి తెలుసుకుంటాయి. ఎదురెదురుగా వదలడం ఇంకా లేదు. సులువుగా ఉండటానికి వచ్చినదాన్ని ‘కొత్తది’, ఇంట్లో ముందే ఉన్నదాన్ని ‘పాతది’ అందాం.

ముందు ఇవి అయ్యాయా?

కొత్తది విడి గదిలోకి వచ్చి కనీసం 14 రోజులు కావాలి. పాన్‌ల్యుకోపీనియా లాంటి ప్రాణాంతక వైరస్ జబ్బు ఉంటే సాధారణంగా ఈలోపే బయటపడుతుంది. ఆ వైరస్ నేల మీద, గుడ్డల్లో నెలల తరబడి బతుకుతుంది, స్పిరిట్‌కు చావదు. అందుకే గది దాటేటప్పుడు చెప్పులు మార్చుకోవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం ఇంకా మానకండి. రెండింటికీ ట్రైక్యాట్ (పిల్లుల మూడు వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా) రెండు డోసులు, రేబిస్ టీకా, నులిపురుగుల మందు అయిపోవాలి. ఒంటి మీది పురుగులకు వేసే మందు పిల్లులదే వాడండి. కుక్కల కోసం అమ్మే చుక్కల మందుల్లో కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లుల ప్రాణం తీయగలదు.

రక్తపరీక్షలో ల్యుకీమియా వైరస్, ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) రెండూ లేవని వచ్చినా ఒక చిక్కుంది. ఈ మధ్యే సోకి ఉంటే మొదటి పరీక్షలో తేలకపోవచ్చు. 60 రోజులు ఆగి మళ్లీ చేయించాలి. ల్యుకీమియా లాలాజలంతో అంటుతుంది, ఎఫ్‌ఐవీ ఎక్కువగా లోతైన కాట్లతో. రెండో పరీక్ష అయ్యేదాకా తిండి గిన్నెలు, నీళ్ల గిన్నెలు కలపొద్దు. కొత్తది గండుపిల్లి అయితే ఆపరేషన్ అయ్యాక కూడా హార్మోన్ల జోరు తగ్గడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వాసన అభ్యాసం ఈలోపే మొదలుపెట్టొచ్చు, జాలీ దగ్గరకు మాత్రం తొందర పడొద్దు.

ఎవరిని కనిపెట్టి ఉండాలి?

అందరూ కొత్తదాని వైపే చూస్తూ కూర్చుంటారు. చాలా ఇళ్లలో గొడవ మొదలుపెట్టేది పాతది. చేపల మార్కెట్ వెనకో చెత్తకుండీ దగ్గరో పెరిగిన పిల్లికి తోటి పిల్లులతో ఎంత దూరంలో మెలగాలో తెలుసు. దాని భయమంతా మనుషులంటేనే. పాతది కళ్లు తెరిచిన కొద్ది వారాలకే తల్లిని వదిలి వచ్చి, మరో పిల్లి ముఖం చూడకుండా పెరిగి ఉంటుంది. ఇల్లంతా తనదే అనుకుంటుంది. కాబట్టి ఈ పాఠంలో వేగం నిర్ణయించేది పాతది. అది వెనకాడిన రోజు మీరూ వెనక్కి తగ్గండి.

ఎంత దూరం సరిపోతుందో చెప్పేది పళ్లెమే. మామూలుగా తింటే ఆ దూరం చాలు. తల ఎత్తి ఎత్తి చూస్తూ తింటే కాస్త ఎక్కువ దగ్గరైంది. పళ్లెం వదిలేస్తే బాగా ఎక్కువైంది. ఆకలితో దారికి తేవాలని మాత్రం చూడకండి. పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్నది, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. పూర్తిగా ఒక రోజు ముట్టకపోతే డాక్టరుకు చూపించాలి.

మొదటి అభ్యాసం: వాసన

పాత నూలు చీరనో పంచెనో మూరెడు ముక్కలుగా చించండి. సువాసన ద్రవాలు లేకుండా ఉతికి ఎండబెట్టండి. కొత్తది పడుకునే పెట్టెలో ఒక ముక్క, పాతది పడుకునే చోట ఒక ముక్క రెండు రాత్రులు ఉంచండి. కొత్తదాన్ని ముట్టుకోలేరు కాబట్టి దాని పరుపే పని చేయాలి. పాతదాని విషయంలో ఇంకో మార్గం ఉంది. ఉతికిన సాక్సు చేతికి తొడుక్కుని దాని చెంపల మీద, పెదవి మూల నుంచి చెవి ముందు దాకా నిమరండి. పిల్లి ‘ఇది నాది’ అని గుర్తు పెట్టే గ్రంథులు అక్కడే ఉంటాయి.

ఆ ముక్కల్ని మార్చి, తిండి పెట్టే చోటికి నాలుగడుగుల దూరంలో పరచండి. వాసన చూసి వెళ్లిపోతే మంచిది. ఒకసారి బుస కొట్టి పక్కకు పోయినా ఫర్వాలేదు. దాని మీద చెంప రాసుకుంటే పరీక్ష నెగ్గినట్టే. గుడ్డ ఉన్న వైపుకే రాకపోతే ఇంకో మూడడుగులు జరపండి. రోజుకు అడుగు చొప్పున దగ్గరకు తెచ్చి, చివరకు పళ్లెం కిందనే పరచాలి. దీనికి వారం పట్టొచ్చు. గుడ్డను ముక్కుకు ఆనించడం, ఒంటికి రుద్దడం వద్దు. రుద్దితే దాని ఒంటి మీదే దానికి శత్రువు వాసన వస్తుంది.

ఒకదాని మలాన్ని ఇంకోదాని లిట్టర్ ట్రేలో (మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రే) కలపమని కొందరు చెబుతారు. నులిపురుగులు, ఇతర జబ్బులు పాకించడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. గుడ్డ చాలు.

ఈ రోజుల్లో నేల తుడవడానికి ఫినాయిల్, డెట్టాల్ వాడకండి. ఘాటు వాసన మీరు పరిచిన వాసనల్ని మింగేస్తుంది. పైగా ఫినాల్ జాతి పదార్థాల్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, పాదాలు నాకినా విషమే. మామూలు సబ్బు నీళ్లు చాలు. కలరా ఉండలూ అలమరలోంచి తీసేయండి.

రెండో అభ్యాసం: తలుపుకు చెరో వైపు భోజనం

తలుపు కింద సందులోంచి పంజాలు దూరకుండా తువ్వాలు చుట్టి బిగించండి. రోజు తిండిని నాలుగు పూటలుగా విడగొట్టండి. నాలుగు కిలోల పిల్లికి రోజంతా కలిపి 50 నుంచి 60 గ్రాముల ఎండు మేత సరిపోతుంది, అంటే పూటకు 15 గ్రాముల లోపు. దానిపైన ఇష్టమైనది ఇంకొంచెం: ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన చికెన్ పీచులు ఒక చెంచాడు. ఈ చికెన్ తలుపు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకకూడదు. ఎండు నెత్తళ్లు పెడతామంటే ముందు నీళ్లలో నానబెట్టి ఉప్పు తీయాలి. పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి విరేచనాలవుతాయి.

మొదటి పూట పళ్లేలు తలుపుకు ఆరేసి అడుగుల దూరంలో ఉండాలి. రెండు పూటలు నిబ్బరంగా తింటే అరడుగు దగ్గరకు జరపండి. మూడడుగుల దగ్గర చాలా పిల్లులు ఆగిపోతాయి. అక్కడ మూడు నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. రెండూ తలుపుకు జానెడు దూరంలో, తలుపు వైపు వీపు పెట్టకుండా, వరసగా మూడు రోజులు తింటే ఈ అభ్యాసం అయినట్టు.

వీధి పిల్లితో ఇక్కడే ఒక తికమక వస్తుంది. అది తినడం లేదంటే అవతలి పిల్లికి భయపడుతోందా, మీకా? పాత ఫోన్‌ను కెమెరాగా గదిలో పెట్టి బయటికి రండి. మీరు వెళ్లగానే తింటే అడ్డం మీరే, దూరం మార్చాల్సిన పని లేదు. పళ్లెం పెట్టి తప్పుకుంటే చాలు. తెల్లవారుజామున, చీకటి పడే వేళ పిల్లులు సహజంగా చురుగ్గా ఉంటాయి. ముఖ్యమైన పూటలు అప్పుడే పెట్టండి. దీపావళి వారంలోనో ఇంట్లో పెళ్లి పనులప్పుడో కొత్త మెట్టు ఎక్కకండి. ఉన్నచోటే ఉండండి.

గదులు మార్చడం, అంటే ఒకదాని చోట ఇంకోదాన్ని తిరగనివ్వడం, సాధారణంగా ఈ దశలోనే చేయిస్తారు. మచ్చిక కాని పిల్లిని ఎత్తి హాల్లో పెడితే అటక ఎక్కి కూర్చుంటుంది, మళ్లీ పట్టుకోలేరు. దానికి బదులు రాత్రి పాతదాన్ని పడకగదిలో ఉంచి తలుపు వేసి, కొత్తదాని తలుపు తెరిచి దీపాలార్పండి. తనే బయటికొచ్చి తిరిగి, తెల్లవారేసరికి తిండి కోసం తన గదికి చేరుతుంది. అంతకుముందు ఏసీ పైపు కన్నం, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం, కిటికీల దోమతెరలు చూసుకోండి. దోమతెర పిల్లి గోళ్లకు ఆగదు.

మూడో అభ్యాసం: జాలీ

హార్డ్‌వేర్ షాపులో అరంగుళం గళ్ల జీఐ వెల్డెడ్ మెష్ అడగండి. గళ్లు అంతకన్నా పెద్దవైతే పంజా దూరుతుంది. తలుపు చట్రం కొలతకు చెక్క రీపర్లతో ఫ్రేము కొట్టించి, పూర్తి ఎత్తున బిగించాలి. ఐదడుగుల అడ్డు పిల్లికి లెక్కే కాదు. కత్తిరించిన తీగ కొనలు బీడింగు కిందికి పోవాలి. లేకపోతే మూతి ఆనించినప్పుడు గీసుకుపోయి ఆ నొప్పిని అవతలి పిల్లి ఖాతాలో వేసుకుంటుంది.

జాలీకి పాతది ఉన్న వైపు ముదురు రంగు దుప్పటి క్లిప్పులతో వేలాడదీయండి. మొదటి రోజు పళ్లేలు మళ్లీ ఆరడుగుల వెనక్కి వెళ్తాయి. చూపు అనేది కొత్త మెట్టు, తలుపు దగ్గర సాధించిన దూరం ఇక్కడ చెల్లదు. దుప్పటి అడుగున 3 అంగుళాలు మాత్రమే ఎత్తండి. తల వంచి తింటున్నప్పుడు అవతల కాళ్లు, మూతి కనిపిస్తే చాలు. ఐదు నిమిషాలు. పళ్లెంలో ఇంకా రెండు ముద్దలు ఉండగానే దుప్పటి దించేయండి. తినడం అయిపోయాక ఖాళీగా ఉన్న పిల్లికి తేరిపార చూడటం తప్ప పని ఉండదు. పోట్లాటలు ఎక్కువగా ఆ ఖాళీలోనే మొదలవుతాయి.

వరసగా నాలుగు పూటలు బాగా గడిస్తే ఇంకో 2 అంగుళాలు ఎత్తండి. దూరం, ఎత్తు రెండూ ఒకే రోజు మార్చకండి. ఏది తేడా చేసిందో తెలియదు.

బుస కన్నా మౌనంగా, రెప్ప వేయకుండా చూసే చూపు ప్రమాదం. చెవులు పక్కలకు చదునై, తోక కొస టపటపా కొట్టుకుంటూ, గొంతులో సన్నగా ఆగకుండా గుర్రుమంటుంటే దుప్పటి దించాల్సిందే. తల పక్కకు తిప్పుకోవడం, కళ్లు మెల్లగా మూసి తెరవడం, ఒళ్లు నాక్కోవడం మంచి గుర్తులు. కొత్తది దాక్కునే పెట్టె జాలీకి ఎదురుగా ఉంటే మార్చండి. పెట్టె నుంచి ట్రేకు వెళ్లే దారి పాతదాని కంటపడితే కొత్తది ట్రేకు వెళ్లడమే మానేసి మూల తడుపుతుంది. అది మొండితనం కాదు, దారి మూసుకుపోవడం.

పాతది రెచ్చిపోయి జాలీ మీదికి ఉరికితే చేతులతో పట్టుకోకండి, ఎత్తుకుని ఓదార్చకండి. ఆ కోపం దగ్గరున్న చేతి మీదే దిగుతుంది. మధ్యలో అట్ట అడ్డం పెట్టి, గదిలోకి నడిపించి, చీకట్లో రెండు గంటలు వదిలేయండి. కొన్నిటికి రాత్రంతా పడుతుంది. ఎప్పుడైనా కాటు పడితే, టీకాలు వేసిన పిల్లి అయినా సరే, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. పిల్లి పన్ను సన్నగా లోతుకు దిగుతుంది, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. రేబిస్ టీకాల సంగతి డాక్టరే చెబుతారు.

తర్వాత రోజు దుప్పటి పూర్తిగా దించి, తలుపు అభ్యాసంలో చివరి మెట్టు నుంచి మళ్లీ మొదలు. వెనక్కి వెళ్లిన మెట్లు రెండోసారి త్వరగానే ఎక్కుతాయి. ఈ పాఠం మొత్తం కొన్ని ఇళ్లలో కొన్ని వారాల్లో, కొన్నిట్లో కొన్ని నెలల్లో అవుతుంది.

4వ పాఠానికి వచ్చే ముందు

దుప్పటి లేకుండా, జాలీకి ఇటు అటు జానెడు దూరంలో తిని, తర్వాత అరగంట పాటు రెండూ అక్కడక్కడే తిరిగినా చూపుల పోటీ లేని రోజులు వరసగా 7 కావాలి. ఒక్క రోజు తప్పినా లెక్క మొదటికి. పాతదాని గోళ్లు కొసలు కత్తిరించండి. మూడో లిట్టర్ ట్రే కొని, మొదటి రెండూ లేని చోట పెట్టండి. 2 అడుగులకు 3 అడుగుల గట్టి అట్టలు రెండు, ఒక మందపాటి దుప్పటి సిద్ధం చేసుకోండి.

కొత్తది ఇంకా మిమ్మల్ని తాకనివ్వకపోవచ్చు. వచ్చే పాఠానికి అది అడ్డం కాదు. పెద్దయ్యాక పట్టుకొచ్చిన వీధి పిల్లుల్లో కొన్ని ఎప్పటికీ ఒళ్లోకి రావు, అయినా తోటి పిల్లితో హాయిగా ఉంటాయి. క్యారియర్‌లోకి మాత్రం తనంతట తాను వెళ్లాలి. ఈ రాత్రి నుంచే క్యారియర్ తలుపు ఊడదీసి, లోపల దాని గుడ్డ పరిచి, ఆఖరి పూట చికెన్ అందులోనే పెట్టండి.