ఆఫీసు సర్వర్ ని క్లౌడ్ కి మార్చమన్నారా, ముందు ఇవి చూస్కోండి

"అప్లికేషన్లన్నీ క్లౌడ్ కి మార్చి రిపోర్ట్ పంపండి" అని మీ ఆఫీసుకి కూడా మెమో వచ్చిందా? క్లౌడ్ అంటే మన సర్వర్ బదులు వేరే వాళ్ళ డేటా సెంటర్ లోని మిషన్లని ఇంటర్నెట్ మీద అద్దెకి వాడుకోవడం. విజయవాడ అయినా గుంటూరు అయినా ఈ పని చివరికి వచ్చి పడేది కంప్యూటర్ మీద కాస్త పట్టున్న జూనియర్ అసిస్టెంట్ మీదో అవుట్‌సోర్సింగ్ ప్రోగ్రామర్ మీదో కాబట్టి వాళ్ళ కోసమే రాస్తున్నా. ఇందులో టెక్నికల్ పని తక్కువే అండి, లిస్టులు, నోట్ ఫైలు, బిల్లులు, ఇవే ప్రాణం తీస్తాయి.

అసలెందుకు మార్చాలి అని సూపరింటెండెంట్ గారు అడిగితే 2024 సెప్టెంబర్ లో విజయవాడని ముంచిన బుడమేరు వరద గుర్తు చేయండి. సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి కదా, కింద అంతస్తులో యూపీఎస్ బ్యాటరీల పక్కన సర్వర్ పెట్టుకున్న ఆఫీసు సంగతి ఇంక చెప్పేదేముంది. అలాగని క్లౌడ్ లో పెట్టేస్తే ఇక భయం లేదనుకోవద్దు. 2025 సెప్టెంబర్ లో దక్షిణ కొరియాలో డేజాన్ లోని ప్రభుత్వ డేటా సెంటర్ కాలిపోతే ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే డ్రైవ్ మొత్తం, 858 టెరాబైట్లు, పోయింది. బయట ఇంకో కాపీ లేదు మరి. అందుకని రెండో కాపీ వేరే ఊళ్ళో ఉండాలని అగ్రిమెంట్ లోనే రాయించండి. హైదరాబాద్, ముంబై రెండు చోట్లా సెంటర్లున్న కంపెనీలు ఉన్నాయి.

మొదటి పని, సర్వర్ ముందు కూర్చుని లిస్ట్ రాయడం. ఏ అప్లికేషన్, ఏ డేటాబేస్, ఏ వెర్షన్, ఎవరు చేసిచ్చారు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది (చేసిచ్చిన వాడు ఎప్పుడో దుకాణం కట్టేసి ఉంటాడు, అది మామూలే). మిషన్ వెనకాల యూఎస్‌బీలో డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్స్ తాళంచెవి లాంటి చిన్న పరికరం) గుచ్చి ఉందేమో కూడా చూడండి, ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నదున్నట్టు క్లౌడ్ లో లేవదు, వేరే లైసెన్స్ తెచ్చుకోవాలి.

ఆ తర్వాత అను ఫాంట్ల గొడవ. దీని గురించి ఏ కంపెనీ వాడూ ముందు చెప్పడు. డేటాబేస్ లో పేర్ల కాలమ్ తెరిస్తే ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనపడుతున్నాయంటే అది అను ఫాంట్ లో కొట్టిన డేటా అనమాట, ఆఫీసు కంప్యూటర్లో ఆ ఫాంట్ ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలుగులా కనిపించింది, బ్రౌజర్ లో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. యూనికోడ్ (ఏ కంప్యూటర్లో, ఫోన్ లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతి) లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి, లక్ష్మి, సూర్యనారాయణ, వేంకటేశ్వర్లు లాంటి పేర్లు ముందు చూడండి. ఓ వంద పేర్లు ప్రింట్ తీసి, ఆ మండలంలో చాలా కాలం చేసిన సీనియర్ అసిస్టెంట్ చేతిలో పెట్టండి, మనకి దొరకని తప్పులు ఆయన టీ తాగుతూ పట్టేస్తాడు.

ఎక్కడ కొనాలి అంటే రెండు దారులు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళది 2014 నుంచీ ఉన్న నేషనల్ క్లౌడ్, కేంద్రం క్లౌడ్ కార్యక్రమం మేఘరాజ్ కింద వచ్చింది. లేదంటే కేంద్ర ఐటీ శాఖ తన ఆమోదిత జాబితాలో పెట్టి (ఎంప్యానెల్), ఆ శాఖ నాణ్యత తనిఖీ విభాగం ఎస్‌టీక్యూసీ ఆడిట్ అయిన ప్రైవేట్ కంపెనీ, ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైట్ జెమ్ పోర్టల్ లో. డేటా దేశం దాటకూడదు, అంతే.

బిల్లు దగ్గర మాత్రం నిదానంగా చదవండి. సర్వర్ కొంటే ఒకసారి బిల్లు పెడితే అయిపోద్ది, క్లౌడ్ కి నెల నెలా కట్టాలి, వాడకాన్ని బట్టి మారుద్ది కూడా. మన గ్రాంట్ ఏమో మార్చి 31 కి ల్యాప్స్, రాష్ట్ర ప్రభుత్వ బిల్లుల చెల్లింపు సిస్టమ్ సీఎఫ్ఎంఎస్ లో బిల్లు ఎన్నాళ్ళు పెండింగ్ ఉంటదో దేవుడికే తెలియాలి. కాబట్టి బిల్లు ఆలస్యమైనా ఇన్ని నెలల దాకా సర్వీస్ ఆపకూడదు, డేటా చెరపకూడదు అని, కంపెనీ మారితే డేటా మొత్తం మామూలు ఫార్మాట్ లో తిరిగివ్వాలి, దానికి ఎంత తీస్కుంటారో ఇప్పుడే చెప్పాలి అని రాయించండి. టెస్టింగ్ సర్వర్లు సాయంత్రం ఆటోమేటిక్ గా ఆగిపోయేలా పెట్టండి. రద్దీ కొన్ని రోజులే ఉండే ఆఫీసులకి క్లౌడ్ నిజంగా కలిసొస్తది, ఇంద్రకీలాద్రి దసరా టికెట్ల లాంటిది అనుకోండి, మూలా నక్షత్రం రోజుకి సరిపడా మిషన్లు కొంటే మిగతా ఏడాదంతా ఖాళీగా తిరుగుతుంటాయి.

మార్చేటప్పుడు ముందు బ్యాకప్ కాపీ, తర్వాత వెబ్‌సైట్, డబ్బులు కట్టించుకునే అప్లికేషన్ అన్నిటికన్నా చివర. స్విచ్ చేసేది రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేలా పెట్టుకోండి, రెండ్రోజుల ముందే డీఎన్ఎస్ టీటీఎల్ (మీ వెబ్‌సైట్ పేరుకి పాత సర్వర్ అడ్రస్ ని ఇంటర్నెట్ ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే సమయం) తగ్గించండి. స్పీడ్ టెస్ట్ మీ ఫోన్ లో కాదు, మండల ఆఫీసు కౌంటర్ లో అక్కడి లైన్ మీద చేయండి.

సెక్యూరిటీ అంతా కంపెనీ వాడే చూస్కుంటాడు అనుకుంటారు చాలామంది. బిల్డింగ్, కరెంట్, మిషన్లు వాడివి, లాగిన్లు, తెరిచి పెట్టిన పోర్టులు (బయటి నుంచి సర్వర్ లోకి వచ్చే దారులు) మనవి. అడ్మిన్ అకౌంట్ ఎవరో ఒక కుర్రాడి సొంత జీమెయిల్, సొంత నంబర్ తో తెరవద్దు, అతను మానేసి హైదరాబాద్ పోతే ఓటీపీ కూడా అతనితోనే పోయిద్ది. హోదా పేరుతో మెయిల్, ఇద్దరి దగ్గర యాక్సెస్. 2022 ఏప్రిల్ 28 న కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు (సిస్టమ్ లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డు) 180 రోజులు ఉంచాలి, ఏదైనా సైబర్ సంఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, ఆదివారం రాత్రయినా సరే, ఆ మెయిల్ ఎవరు పంపాలో పేరు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

పాత సర్వర్ ని కనీసం ఒక నెలాఖరు లెక్కలు రెండు వైపులా సరిపోయేదాకా ఆపొద్దు. తర్వాత కండెమ్ చేసి వేలానికి పంపేటప్పుడు హార్డ్ డిస్కులు తీసి, పూర్తిగా చెరిపించి, సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టండి, జనాల ఆధార్ నంబర్లన్నీ వాటిల్లోనే ఉంటాయి.