దశాంశాల భాగహారాన్ని, శాతాలను బొమ్మ గీసి అర్థం చేసుకోవడం ఎలా?

6ను 2తో భాగించమంటే తడుముకోని పిల్లలు కూడా 1.5ను 0.25తో భాగించమనగానే బిందువును ఎటు జరపాలా అని ఆలోచనలో పడతారు. బిందువును జరిపే పద్ధతిలో తప్పేమీ లేదు గానీ, వచ్చిన జవాబుకు అర్థమేమిటో అది చెప్పదు. పట్టీ బొమ్మ గీస్తే ఆ అర్థం కంటికే కనిపిస్తుంది. అందుకు గళ్ళ కాగితం, స్కేలు, పెన్సిలు చాలు.

ముందుగా లెక్కను మాటల్లో పెట్టుకోవాలి. 1.5 ÷ 0.25 అంటే, ఒకటిన్నర లీటరు పాలను పావు లీటరు గ్లాసుల్లో పోస్తే ఎన్ని గ్లాసులు నిండుతాయని అడగడమే. తరువాత, ఒక సెంటీమీటరును 0.1 లీటరు అనుకొని, 15 సెంటీమీటర్ల పట్టీ గీయండి. ఎడమ చివరి నుంచి రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డగీతలు గీస్తూ పోతే సరిగ్గా 6 ముక్కలు వస్తాయి. భాగిస్తే తగ్గవలసిన సంఖ్య 6కు ఎలా పెరిగిందన్న సందేహం ఇక్కడే తీరుతుంది: ఆ 6 లీటర్లు కావు, గ్లాసులు.

శేషం మిగిలే లెక్క దగ్గర మాత్రం నిదానించాలి. 2 ÷ 0.3 కోసం 20 సెంటీమీటర్ల పట్టీ గీసి, మూడేసి సెంటీమీటర్ల ముక్కలు చేస్తే, 6 ముక్కలు పోగా చివర 2 సెంటీమీటర్లు మిగులుతాయి. వాటి విలువ 0.2 కనుక జవాబు 6.2 అని రాసేయడం చాలామంది చేసే పొరపాటు. మిగిలిన ముక్కను చుక్కల గీతతో ఇంకో సెంటీమీటరు పొడిగించి, నిండు ముక్కను పూర్తిచేసి చూడండి. మన దగ్గరున్నది అందులో మూడింట రెండు వంతులు. కాబట్టి జవాబు ఆరున్నర కన్నా కాస్త ఎక్కువ, అంటే 6.666... అని సాగుతుంది. 0.2 అనేది లీటర్లలో చెప్పిన మిగులు; భాగఫలాన్ని లెక్కపెట్టేది గ్లాసుల్లో.

శాతాలకూ ఇదే పట్టీ పనికొస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అనే మాటలోని 'నూటికి' శాతమే కనుక, 10 సెంటీమీటర్ల పట్టీని నూరు శాతం అనుకుంటే ఒక్కో మిల్లీమీటరు ఒక శాతమవుతుంది. 20 శాతం తగ్గింపు పోగా చీర 640 రూపాయలకు వచ్చిందనుకుందాం. అసలు ధర తెలియాలంటే, పట్టీలో 2 సెంటీమీటర్లు కొట్టివేసి, మిగిలిన 8 సెంటీమీటర్ల కింద 640 అని రాయండి. ఒక సెంటీమీటరుకు 80 రూపాయలు, మొత్తం పట్టీకి 800. ఇది 640 ÷ 0.8 లెక్కే. 640కే 20 శాతం కలిపితే 768 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే నూరు శాతంగా తీసుకోవలసినది పాత ధరను, కొత్త ధరను కాదు.

18 శాతం జీఎస్టీతో కలిపి బిల్లు 590 రూపాయలైతే, పట్టీని కొట్టివేయకుండా 1.8 సెంటీమీటర్లు పొడిగించాలి. ఇప్పుడు 11.8 సెంటీమీటర్లకు 590 కనుక, సెంటీమీటరుకు 50. మొదటి 10 సెంటీమీటర్లకు, అంటే వస్తువు ధరకు, 500 రూపాయలు. మిగిలిన 90 రూపాయలు పన్ను.