అల్పాకా ఉన్నిని ఇంట్లోనే కదురుతో దారంగా వడకడం ఎలా?

నేను చదివిన బడిలో వారానికి ఒకసారి నూలు వడికే తరగతి ఉండేది. ఇత్తడి బిళ్ళ, సన్నని ఊచ ఉన్న తకిలీని తిప్పుతూ ఏకు నుంచి నూలు తీయడం అక్కడే నేర్చుకున్నాను. ఆ తరువాత నలభై ఏళ్ళపాటు కదురు ముట్టుకోలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర కొన్ని నెలలు ఉన్నప్పుడు, పొరుగున అల్పాకాలు పెంచే కుటుంబం ఉన్ని కత్తిరించే రోజుల్లో నేనూ వెళ్ళి చేయి కలిపాను. తిరిగి వచ్చేటప్పుడు మిల్లులో కడిగి దువ్విన అల్పాకా ఉన్ని ఒక కిలో అమలాపురం తెచ్చుకున్నాను. పత్తి వడికిన చేతికి ఈ ఉన్ని వెంటనే లొంగదు, కానీ ఏది మార్చుకోవాలో తెలిస్తే పది రోజుల్లో నిలకడైన దారం వస్తుంది. ఆ మార్పులేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆ జంతువు గురించి

అల్పాకా ఒంటె కుటుంబానికి చెందినది. దక్షిణ అమెరికాలోని పెరూ, బొలీవియా, చిలీ దేశాల్లో, ఆండీస్ పర్వతాల మీద 3,500 మీటర్లకు పైబడిన చల్లని పొడి పీఠభూములు దాని పుట్టిల్లు. వికూన్యా అనే అడవి జంతువును అక్కడి ప్రజలు వేల ఏళ్ళ క్రితం మచ్చిక చేసుకుని, ఉన్ని కోసం తరతరాలుగా ఎంచి పెంచగా ఇది తయారైంది. భుజం దగ్గర మీటరుకు లోపే ఎత్తు, సుమారు 50 నుంచి 85 కిలోల బరువు ఉంటుంది. 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. వీటిలో రెండు రకాలున్నాయి. ఉన్ని గుబురుగా, మెత్తని దిండులా ఉండేది హువకాయా. పొడవైన మెరిసే జడలుగా వేలాడేది సూరీ. ఎక్కువగా కనిపించేది హువకాయా.

రావులపాలెం దగ్గర కొబ్బరి తోట ఉన్న మా బావగారు ఈ ముచ్చట విని, చెట్ల నీడ, పచ్చగడ్డి, కాలువ నీరు అన్నీ ఉన్నాయి కదా, రెండింటిని పెంచితే ఏమని అడిగారు. పెంచకూడదనే చెప్పాను, ఇక్కడ కూడా అదే చెబుతున్నాను. అల్పాకాలను పెంచేవారికి ఒక లెక్క ఉంది: గాలి వేడిని ఫారన్‌హీట్‌లో తీసుకుని, దానికి తేమ శాతాన్ని కలపాలి. మొత్తం 120 లోపు ఉంటే భయం లేదు. 150 దాటితే జాగ్రత్తపడాలి. 180కి చేరితే ప్రాణాపాయం. కోనసీమలో మే, జూన్ నెలల్లో రాత్రి పూట కూడా 86 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉండే రోజులు ఉంటాయి, అంటే 171. పగలు వేడెక్కిన ఒళ్ళు రాత్రికైనా చల్లారే అవకాశం లేని చోట ఆ మూగజీవాన్ని కట్టేయడం న్యాయం కాదు. మన తీరంలో నిలదొక్కుకున్న నెల్లూరు జాతి గొర్రెకు కూడా ఒంటి మీద పొట్టి వెంట్రుకలే గాని ఉన్ని ఉండదు. ఈ గాలికి ఏ ఒళ్ళు సరిపోతుందో ఆ గొర్రెను చూస్తేనే తెలుస్తుంది.

చల్లని దేశాల్లో స్థలం ఉండి పెంచాలనుకునే మన వాళ్ళు మాత్రం కొన్ని విషయాలు తెలుసుకోవాలి. అల్పాకా మందలో బతికే జంతువు, ఒంటరిగా ఉంచితే బెంగపెట్టుకుంటుంది, కనుక తక్కువలో తక్కువ మూడింటిని కలిపి ఉంచాలి. ప్రధాన ఆహారం పచ్చగడ్డి, ఎండుగడ్డి. రోజుకు తన బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండు మేత సరిపోతుంది. ఆవుకు లాగే పై దవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు కాబట్టి గడ్డిని వేళ్ళతో పెకలించకుండా కొరుక్కుతింటుంది. మందంతా ఒకే చోట పేడ వేసే అలవాటు ఉండడం వల్ల శుభ్రం చేయడం తేలిక. కాలి గోళ్ళు కత్తిరించడం, నులిపురుగుల మందు, టీకాలు పశువైద్యుని సలహాతో సాగాలి. కంచె పక్కన గన్నేరు ఉంటే తప్పకుండా తీసేయాలి, ఆ ఆకులు దానికి విషం. ఎండ ముదిరినప్పుడు పొట్టను, కాళ్ళ లోపలి వైపును నీళ్ళతో తడపాలి. వీపు మీద పోస్తే తడిసిన ఉన్ని వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. చూలు పదకొండు నెలలకు పైగా ఉంటుంది, సాధారణంగా ఒక్క పిల్లే పుడుతుంది.

ఏడాదికి ఒకసారి, ఎండలు మొదలయ్యే ముందు ఉన్ని కత్తిరిస్తారు. ఒక్కో జంతువు నుంచి సుమారు రెండు నుంచి నాలుగు కిలోలు వస్తుంది.

ఏరడం, కడగడం, దువ్వడం

కడిగి దువ్విన ఉన్ని తెచ్చుకున్నవారు ఈ భాగం వదిలి కదురు దగ్గరకు వెళ్ళవచ్చు. పచ్చి ఉన్నితో మొదలుపెట్టేవారు ముందుగా దాన్ని ఒక పాత దుప్పటి మీద పరచి ఏరాలి. వీపు, పక్కల నుంచి వచ్చింది అన్నిటికన్నా మేలైనది. మెడ ఉన్ని సన్నగానే ఉన్నా పొట్టిగా ఉండవచ్చు. పొట్ట, కాళ్ళ ఉన్ని ముతక. దాన్ని వేరుగా పెట్టి దిండ్లలో కూరడానికి వాడుకోవచ్చు. మెత్తని ఉన్ని మధ్య అక్కడక్కడ బిరుసుగా, నిటారుగా నిలిచే వెంట్రుకలు కనిపిస్తే చేతితో లాగేయాలి, ఎందుకంటే మెడకు చుట్టుకున్నప్పుడు గుచ్చుకునేవి అవే. సంతలో ‘బేబీ అల్పాకా’ అని అమ్మేది పిల్లల ఉన్ని అని చాలామంది అనుకుంటారు. అది వయసును చెప్పే పేరు కాదు. పీచు సుమారు 22 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నదనంతో ఉందని మాత్రమే దాని అర్థం.

గొర్రె ఉన్నికి పట్టి ఉండే జిడ్డు అల్పాకా ఉన్నిలో దాదాపు ఉండదు. కానీ ఆ జంతువుకు దుమ్ములో పొర్లడం ఇష్టం కనుక మట్టి మాత్రం విపరీతంగా ఉంటుంది. అందుచేత కడగడానికి ముందు ఆరుబయట బాగా దులపాలి. తరువాత వంద గ్రాముల చొప్పున దోమతెర గుడ్డతో కుట్టిన సంచిలో వదులుగా నింపి, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో కుంకుడు రసం కలిపి, ఇరవై నిమిషాలు కదపకుండా నాననివ్వాలి. మన ప్రాంతంలో చాలా చోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది, సబ్బు అందులో విరిగి తెట్టు కడుతుంది, కాబట్టి కుంకుడు రసమే నయం. ఆ తరువాత సంచిని మెల్లగా పైకెత్తి నీరు కారనిచ్చి, అంతే వేడి ఉన్న మంచి నీటిలో రెండు మూడు సార్లు ముంచి తీయాలి.

ఇక్కడే నేను మొదటిసారి నష్టపోయాను. వేడి నీటిలోంచి తీసిన ఉన్నిని కుళాయి కింద పట్టి రుద్దాను. రెండు నిమిషాల్లో అది విడదీయడానికి వీలులేని కంబళి ముక్కలా గట్టిపడిపోయింది. వేడి మారడం, రాపిడి, ఈ రెండూ కలిస్తే పీచు మీద ఉండే సన్నని పొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోతాయి, అలా పెనవేసుకున్న ఉన్ని మళ్ళీ విడదు. నీటి వేడి మారకూడదు, ఉన్నిని రుద్దకూడదు, పిండకూడదు. ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు.

కడిగిన ఉన్నిని తువ్వాలులో చుట్టి నొక్కి, పంచలో కట్టిన దోమతెర మీద నీడలో పలుచగా పరచాలి. వానాకాలంలో ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. ఫ్యాను కింద రెండు రోజులు ఉంచితే గాని డబ్బాలో పెట్టకూడదు.

దువ్వడానికి ప్రత్యేకమైన పరికరాలు ఉన్నాయి గాని, పెంపుడు కుక్కలకు వాడే తీగ పళ్ళ బ్రష్షులు రెండు ఉంటే చాలు. చిన్న కుచ్చును ఒక కొస గట్టిగా పట్టుకుని రెండో కొసను దువ్వి, తిప్పి పట్టుకుని మొదటి కొసనూ దువ్వాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీ కోసం పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వుతారు. ఏ పీచైనా దారం నునుపు చాలావరకు దువ్వడంలోనే తేలిపోతుందని ఆ నేర్పరులకు తెలుసు.

కదురు తయారు చేసుకోవడం

పత్తికి వాడే తకిలీ అల్పాకాకు పనికిరాదని నేను అనను గాని, అది చాలా తేలిక కనుక కొత్తవారికి తొందరగా వెనక్కి తిరుగుతుంది. సుమారు 40 గ్రాముల బరువున్న వేలాడే కదురు మేలు. ఇంట్లో చేసుకోవడానికి ముప్పై సెంటీమీటర్ల నున్నని కర్ర, రెండు పాత సీడీలు, చిన్న ఇత్తడి కొక్కెం కావాలి. సీడీలు రెండింటినీ కలిపి కర్రకు పై కొస నుంచి మూడు వేళ్ళ కింద బిగుతుగా అమర్చి, రంధ్రంలో సందు ఉంటే రబ్బరు ముక్క చుట్టి బిగించాలి. కర్ర నెత్తిన సరిగ్గా మధ్యలో కొక్కెం దించాలి. నేను మొదట కొబ్బరి చిప్పను గుండ్రంగా కోసి బిళ్ళగా వాడాను, చూడముచ్చటగా ఉంది, కానీ ఒక పక్క బరువెక్కువై కదురు వణికేది. వణికే కదురు పురిని, అంటే పీచుకు ఎక్కే మెలికను, దాచుకోదు.

వడకడం

ఈ భాగాన్ని చదివి ఊరుకోకుండా, చేతిలో ఉన్ని పట్టుకుని మళ్ళీ మళ్ళీ చదవమని కోరుతున్నాను.

కొక్కేనికి ఒక మూర పొడవున మామూలు ఉన్ని దారం కట్టాలి. దాని కొసను విప్పి, దువ్విన ఉన్నిలోంచి కొద్ది పీచు దాని మీద పరచి, రెండింటినీ ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలి మధ్య పట్టుకోవాలి. కుడి చేతితో కదురును గడియారం ముళ్ళు తిరిగే దిశలో తిప్పాలి. పురి దారం వెంట పైకి పాకి వేళ్ళ దగ్గర ఆగుతుంది. కొత్తవారు అప్పుడు కదురును మోకాళ్ళ మధ్య ఇరికించి ఆపాలి, ఎందుకంటే పీచు లాగడం, కదురు తిప్పడం ఒకేసారి నేర్చుకోబోతే రెండూ చెడతాయి. ఇప్పుడు కుడి చేతి వేళ్ళతో పురి పట్టిన చోటును నొక్కి పట్టుకుని, ఎడమ చేతిని వెనక్కి జరుపుతూ ఉన్నిని సాగదీయాలి. వేళ్ళకు ముందు పీచు ఒక చిన్న విసనకర్రలా, అవతలి వేలు కనిపించేంత పలుచగా విచ్చుకుంటుంది. అప్పుడు కుడి వేళ్ళను వదులు చేసి ఆ విసనకర్ర మొదలు దాకా జరపాలి. నిలవ ఉన్న పురి ఆ పలుచటి పీచులోకి పరుగెత్తి, మీరు చూస్తుండగానే అది గుండ్రని దారంగా మారిపోతుంది. ఇన్నేళ్ళ తరువాత ఆ క్షణాన్ని మళ్ళీ చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

రెండు చేతుల మధ్య దూరం ఎప్పుడూ పీచు పొడవు కన్నా ఎక్కువగా ఉండాలి. అల్పాకా పీచు సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది. చేతులు అంతకన్నా దగ్గరగా ఉంటే ఒకే పీచు రెండు కొసలనూ మీరే పట్టుకుని లాగుతున్నారన్న మాట. అది ఎంత లాగినా కదలదు. పొట్టి పత్తి పీచుకు అలవాటుపడ్డ నా చేతులు మొదటి వారమంతా ఈ తప్పే చేశాయి. రెండో మార్పు పురికి సంబంధించినది. గొర్రె ఉన్నిలో సహజమైన ముడతలు పీచులను ఒకదానికొకటి పట్టి ఉంచుతాయి. అల్పాకా పీచు నున్నగా జారిపోతుంది, దాన్ని పట్టి ఉంచేది పురి ఒక్కటే. అందుచేత గొర్రె ఉన్నికి ఇచ్చే దానికన్నా ఎక్కువ పురి ఇవ్వాలి, లేకపోతే దారం తెగకుండానే మెల్లగా జారి కదురు నేల మీద పడుతుంది. పురి చాలిందో లేదో చూడడానికి జానెడు దారాన్ని వదులు చేసి మడవండి. రెండు పేటలు వాటంతట అవే ఒకదాన్నొకటి చుట్టుకుంటే చాలినట్టే.

చేతికందినంత దారం అయ్యాక కొక్కెం నుంచి తప్పించి, బిళ్ళ కింద కర్రకు చుట్టి, మళ్ళీ కొక్కేనికి తగిలించి కొనసాగించాలి. తెగితే ముడి వేయకూడదు. రెండు కొసలనూ విప్పి, పీచును ఒకదాని మీద ఒకటి పరచి పురి ఎక్కిస్తే కలిసిపోతుంది. ఆండీస్‌లో ఆడవాళ్ళు ఇలాంటి వేలాడే కదురుతోనే మంద వెంట నడుస్తూ వడుకుతారు. చలి దేశాల పొడి గాలిలో పీచు విద్యుదావేశంతో చెదిరి ఎగురుతుంటుంది, మన తేమ గాలిలో ఆ చికాకు చాలా తక్కువ. జంతువుకు కీడు చేసే గాలే వడికే చేతికి సాయపడుతోంది.

పేటలు కలపడం, చివరి స్నానం

ఒంటి పేట దారం మెలి తిరుగుతూ ఉంటుంది. అలా వడికిన దారాన్ని కదురు నుంచి తీసి చుట్టిన రెండు కండెలను వేరు వేరు గిన్నెల్లో పెట్టి, రెండు కొసలనూ కలిపి కొక్కేనికి కట్టి, ఈసారి కదురును వ్యతిరేక దిశలో తిప్పాలి. రెండింటి బిగువు సమానంగా ఉండాలి, లేకపోతే ఒకటి రెండో దాని చుట్టూ తీగలా పాకుతుంది. కలిపిన దారాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల పత్తి దారంతో వదులుగా కట్టి చిలపగా, అంటే వదులైన దారపు చుట్టగా, తీయాలి. ఒక చుట్టు పొడవు కొలిచి చుట్లతో హెచ్చిస్తే మొత్తం పొడవు తెలుస్తుంది. నా చేతి దారం 50 గ్రాములకు సుమారు వంద మీటర్లు వస్తోంది.

చిలపను గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, తువ్వాలులో నొక్కి, రెండు చేతుల మధ్య రెండు మూడు సార్లు విదిలిస్తే పురి అంతటా సర్దుకుంటుంది. ఆరేటప్పుడు బరువు వేలాడదీయవద్దు, అల్పాకా దారం సాగితే తిరిగి ముడుచుకోదు. ఈ గుణం వల్లే స్వెట్టర్ల కన్నా శాలువలకు, మఫ్లర్లకు ఇది బాగా నప్పుతుంది. స్వెట్టరే కావాలంటే వడికేటప్పుడే గొర్రె ఉన్ని కొంత కలపాలి. నరసాపురం లేసు అల్లే మా వదినగారు ఈ దారాన్ని చేతిలోకి తీసుకుని, క్రోషియా సూది రెండు సైజులు పెద్దది తెచ్చుకుని, గొలుసు కుట్టు వదులుగా వేశారు. బిగించి అల్లితే మెత్తదనం పోతుందని ఆవిడ వేళ్ళకు మొదటి వరుసలోనే తెలిసిపోయింది.

మిగిలిన ఉన్నిని, దారాన్ని బాగా ఆరాకే గట్టి మూత ఉన్న డబ్బాలో, ఎండిన వేపాకు గుడ్డ మూటతో దాచి, నెలకొకసారి తీసి గాలికి పరచాలి. మాసిన ఉన్నికే చిమ్మట పురుగు ముందు చేరుతుంది. అల్లిన శాలువను చల్లని నీటిలో, రుద్దకుండా ముంచి, తీగ మీద వేయకుండా చాప మీద పరచి నీడలో ఆరబెట్టాలి.